కొత్త మిషను కొనే ముందు



1980ల నడుమ, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న జాన్ బెంట్లీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త రెండు కంప్యూటర్లకు పందెం పెట్టాడు. ఒకటి క్రే-1. ఆ రకంలో మొదటి మిషను 1976లో లాస్ ఆలమోస్ అణు పరిశోధనశాలకు వెళ్ళింది. ఐదు టన్నుల పైచిలుకు బరువు, 50 లక్షల డాలర్లకు తగ్గని ధర, వేడెక్కకుండా లోపల ఎప్పుడూ ఫ్రియాన్ పారుతూ ఉండాలి. పెద్ద పెద్ద పరిశోధనశాలలు తప్ప మామూలువాళ్ళు కొనగలిగే సరుకు కాదు. రెండోది టీఆర్‌ఎస్-80. ఈ మూడక్షరాలు వింటే మనకు వేరే జెండా గుర్తొస్తుంది గానీ, ఇది టాండీ రేడియో షాక్ కంపెనీ 1977లో తెచ్చిన ఇంటి కంప్యూటరు. రేడియో విడిభాగాలు అమ్మే దుకాణాల్లోనే దీన్నీ అమ్మారు. తెరా, క్యాసెట్ రికార్డరూ కలిపి 600 డాలర్లు.

రెండింటికీ ఇచ్చిన లెక్క ఒకటే. క్రే మీద నడిచే ప్రోగ్రామును ఆ మిషను శక్తినంతా పిండుకునేలా ఫోర్ట్రాన్‌లో చెక్కారు. అయితే లెక్క చేసే పద్ధతి మాత్రం ఎవరికైనా మొదట తట్టేదే. టీఆర్‌ఎస్-80 మీద నడిచేది బేసిక్ భాషలో రాసిన నత్తనడక ప్రోగ్రాము. దాని పద్ధతి మాత్రం ఆలోచించి కట్టినది.

వెయ్యి అంకెలు ఇచ్చినప్పుడు క్రే 3 సెకన్లలో ముగించింది, చిన్న మిషనుకు 20 సెకన్లు పట్టింది. డబ్బు గెలిచిందనే అనిపిస్తుంది. పదివేల అంకెలకు వచ్చేసరికి క్రేకి 49 నిమిషాలు, చిన్నదానికి మూడు నిమిషాల చిల్లర. లక్ష అంకెలకు క్రేకి 35 రోజులు, చిన్నదానికి 32 నిమిషాలు. పది లక్షలకు చిన్న మిషను సాయంత్రం మొదలుపెడితే రాత్రి నిద్రపోయే వేళకు, అంటే ఐదున్నర గంటల లోపే ముగిస్తుంది. క్రేకి 95 ఏళ్ళు. ఆ 95 ఏళ్ళూ ఎవరూ కూర్చుని చూడలేదు లెండి, చిన్న పరిమాణాల మీద లెక్కగట్టి చెప్పిన సంగతది. ఈ పందెం సంగతి రాసిన తన పుస్తకానికి 2000లో వచ్చిన రెండో కూర్పులో బెంట్లీ క్రేని తీసేసి, కొత్తగా వచ్చిన వేగమైన ఆల్ఫా కంప్యూటరును పెట్టాడు. 95 ఏళ్ళు కాస్తా 19 ఏళ్ళయ్యాయి. చిన్న మిషనుకు ఎప్పటిలాగే ఐదున్నర గంటల లోపు.

ఇంతకీ ఏమిటా లెక్క? గుంటూరు మిర్చి యార్డులో ఒక వ్యాపారి ఉన్నాడనుకోండి. ఏడాది పొడుగునా ఏ రోజు లాభం ఆ రోజు, ఏ రోజు నష్టం ఆ రోజు రాసి పెట్టుకున్నాడు. వరుసగా ఏ రోజునుంచి ఏ రోజు దాకా వ్యాపారం చేసివుంటే మొత్తం మీద అన్నిటికంటే ఎక్కువ మిగిలేది? మధ్యలో నష్టం వచ్చిన రోజుల్ని దాటెయ్యడానికి లేదు. వరుస తెగకూడదు.

మొదట తట్టే పద్ధతి ఏమిటంటే, ప్రతి రోజునూ మొదలుగా పెట్టుకుని, ఆ తర్వాతి ప్రతి రోజునూ చివరగా పెట్టుకుని, మధ్యవన్నీ కూడి చూడడం. 365 రోజులకు ఇలాంటి వరుసలు 66,795 వస్తాయి. ఒక్కో వరుసనూ మొదటినుంచీ కూడుకుంటూ పోతే కూడికలు దాదాపు 82 లక్షలు. ఇక్కడ కాస్త ఆగి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఉగాది నుంచి పది రోజుల మొత్తం ఇప్పుడే కూడాం. ఉగాది నుంచి పదకొండు రోజుల మొత్తం కావాలంటే మళ్ళీ ఉగాది దగ్గరకు ఎందుకు వెళ్ళాలి? పది రోజుల మొత్తానికి పదకొండో రోజుది కలిపితే చాలదా? ఈ ఒక్క ప్రశ్నతో 82 లక్షలు 66,795కు దిగిపోతాయి. మిషను అదే, భాష అదే.

ఈ సమస్య 1977లో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఉల్ఫ్ గ్రెనాండర్ అనే గణితవేత్త బొమ్మల్లో నమూనాలు వెతుకుతూ ఉంటే ఎదురైంది. మైకేల్ షామోస్ అనే ఆయన ఒక్క రాత్రిలో దీన్ని ఇంకా తగ్గించాడు. అంతకంటే తగ్గదనే ఆయనా, బెంట్లీ కూడా అనుకున్నారు. కొన్ని రోజుల తర్వాత పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒక సెమినార్‌లో షామోస్ ఈ కథంతా చెప్పాడు. వింటున్నవాళ్ళలో జే కడానే అనే స్టాటిస్టిక్స్ ప్రొఫెసరు ఉన్నాడు. ఆయన ఒక్క నిమిషంలో తేల్చిన పద్ధతికి 365 రోజులకు 365 అడుగులు చాలు.

రేడియోలో బొమ్మ గీయలేను కాబట్టి మీరు మనసులోనే కూడండి. ఆరు రోజులు, వేల రూపాయల్లో. మొదటి రోజు 5 లాభం. రెండో రోజు 8 నష్టం. మూడో రోజు 6 లాభం. నాలుగో రోజు 2 నష్టం. ఐదో రోజు 7 లాభం. ఆరో రోజు 4 నష్టం. మొదటి రోజుకు చేతిలో 5. రెండో రోజుకు 3 అప్పులో పడ్డాం. ఇక్కడే ఉంది కిటుకు. అప్పుతో ముందుకు పోవడం వల్ల రేపటికి వచ్చే మేలేమీ లేదు, కాబట్టి ఆ వరుసను అక్కడే వదిలేసి సున్నా నుంచి మొదలుపెట్టండి. మూడో రోజు 6. నాలుగో రోజు 4. తగ్గింది గానీ అప్పులో పడలేదు, పట్టుకునే ఉండండి. ఐదో రోజు 11. ఆరో రోజు 7. దారిలో కనిపించిన పెద్ద మొత్తం 11, అదే జవాబు. ఒకసారి చూసిన రోజు వైపు మళ్ళీ తిరిగి చూడలేదు. 600 డాలర్ల డబ్బా చేత క్రేని ఓడింపజేసినది ఈ కాస్త తెలివే.

నిదానంగా నడిచే ప్రోగ్రాముల్లో చాలావాటి జబ్బు ఇదే. మిషనుకు శక్తి లేక కాదు, ప్రోగ్రాము తెలిసిన సంగతినే మళ్ళీ మళ్ళీ తెలుసుకుంటూ ఉంటుంది. రికార్డులు వందో రెండొందలో ఉన్నంతకాలం ఈ సంగతి ఎవరికీ పట్టదు. ప్రోగ్రాము రాసినవాడు పది రికార్డులు పెట్టి చూసి, బ్రహ్మాండంగా ఉందని ఇచ్చి వెళ్ళిపోతాడు. ఐదేళ్ళ తర్వాత కౌంటరు ముందు క్యూలో నిలబడేది మనం.

ఒకప్పుడు ఓపిక పడితే చాలు, రెండేళ్ళకోసారి రెట్టింపు వేగమున్న మిషను బజారులోకి వచ్చేది. ఆ రోజులు పోయి ఇరవై ఏళ్ళయింది. ఇంటెల్ కంపెనీ 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్-4 తెస్తానని చెప్పి 2004 అక్టోబరులో మానుకుంది. వేడి తట్టుకోలేకపోయారు. అప్పటినుంచి మనకు అమ్ముతున్నది ముఖ్యంగా ఎక్కువ కోర్లు, అంటే ఒకే చిప్పులో విడివిడిగా లెక్కచేసే భాగాలు. నాలుగు, ఎనిమిది, పదహారు. పనిని పదహారింటికీ పంచేలా ప్రోగ్రాము రాయకపోతే ఒక కోరు చెమటోడుస్తుంది, మిగతా పదిహేనూ కూర్చుని చూస్తుంటాయి.

దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. మీ ఇంట్లో కుర్రాళ్ళుంటే వాళ్ళకు తెలిసే ఉంటుంది. జీటీఏ ఆన్‌లైన్ అనే ఆట 2013లో వచ్చింది. ఆట తెరుచుకోవడానికే చాలామందికి ఐదారు నిమిషాలు పట్టేది. మంచి గ్రాఫిక్స్ కార్డులున్న మిషన్ల మీదా అదే వరస. ఏళ్ళ తరబడి అంతే. 2021లో ఒక ప్రోగ్రామరు, ఆ కంపెనీ మనిషి కాదు, ఆట అసలు కోడ్ అతని దగ్గర లేదు, ఆ నిమిషాల్లో మిషను ఏం చేస్తున్నదో బయటినుంచి కొలిచి చూశాడు. ఒక్క కోరు పూర్తిగా నిండి ఉంది. డిస్కు ఖాళీ, నెట్ ఖాళీ.

తవ్వితే తేలిందేమిటంటే, ఆటలో అమ్మే వస్తువుల జాబితా ఒకటుంది, సుమారు 63,000 వస్తువులు, 10 మెగాబైట్ల అక్షరాలు. ఆ జాబితాలోంచి ఒక్కో విలువా చదివేటప్పుడల్లా, ముందు మిగతా జాబితా ఎంత పొడుగుందో చివరిదాకా పోయి కొలిచి వస్తోంది. వేల సార్లు కొలుస్తోంది. అది చాలదన్నట్టు, చదివిన ప్రతి వస్తువునూ ఇదివరకు చదివినవాటన్నిటితో పోల్చి, రెండోసారి రాలేదు కదా అని చూస్తోంది. అలా పోల్చడం 198 కోట్ల సార్లు. తమాషా ఏమిటంటే ఆ జాబితాలో రెండుసార్లు వచ్చిన వస్తువు ఒక్కటీ లేదు. అతను పొడుగు ఒకసారి కొలిచి గుర్తుపెట్టుకునేలా, ఆ పోలికలు మానేసి వస్తువును నేరుగా చేర్చుకునేలా చిన్న అతుకు వేశాడు. ఆరు నిమిషాలు ఒక నిమిషం 50 సెకన్లయింది. ఆట తయారుచేసిన రాక్‌స్టార్ కంపెనీ ఆ మార్పును తీసుకుని అప్‌డేట్ ఇచ్చి, అతనికి 10,000 డాలర్లు బహుమానమిచ్చింది. పెద్దమనుషుల్లాగే ప్రవర్తించారు. అయినా ఏడేళ్ళ పైనే పట్టింది మరి.

ఇక్కడిదాకా చెప్పినవి, మార్చడం వల్ల మనం పోగొట్టుకునేది ఏమీ లేని సందర్భాలు. అదే జవాబు, తక్కువ చాకిరీ. ఇంకో రకం ఉంది, నాకు ఎక్కువ ఇష్టమైనది, అందులో ఒక తెలుగువాడున్నాడు.

పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్ళకు అక్కడి వెంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. 1976లో, అదే ఊళ్ళో, కడానే పాఠాలు చెబుతున్న అదే కార్నెగీ మెలన్‌లో, ఒక కంప్యూటరు మనిషి మాట్లాడిన వాక్యాలను అర్థం చేసుకుంది. ఆ పరిశోధనను నడిపించినది అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు. గిండీలో ఇంజనీరింగు, స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు చేసి 1969లో అక్కడ చేరారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

మాటను అర్థం చేసుకునే ఈ పనికి అమెరికా రక్షణ శాఖ పరిశోధన విభాగం 1971లో ఐదేళ్ళ గడువు పెట్టింది. వెయ్యి మాటల పదసంపద ఉండాలి, మనిషి ఆగకుండా మాట్లాడుతుంటే గ్రహించాలి, తప్పులు పది శాతం దాటకూడదు. ఇవన్నీ సెకనుకు 10 కోట్ల ఆదేశాలు నడిపే మిషను మీద, మాట్లాడిన సమయానికి కొద్ది రెట్లలో జరగాలి. అలాంటి మిషను ఆ ల్యాబులో లేదు. వాళ్ళ దగ్గరున్న పీడీపీ-10 అందులో వందో వంతు పని కూడా చెయ్యలేదు.

అప్పటికి రాజ్ రెడ్డిగారి శిష్యుడు జేమ్స్ బేకర్ కట్టిన డ్రాగన్ అనే వ్యవస్థ ఉంది. మనిషి పలకగల వాక్యాలన్నిటినీ ఒక దారుల చిక్కుగా అల్లి, విన్న శబ్దానికి ఏ దారి బాగా సరిపోతుందో అన్ని దారులూ చూసి తేల్చేది. ఉన్నవాటిలో మేలైన దారి దొరికి తీరుతుంది, అందులో సందేహం లేదు. కానీ ఎంతసేపటికి! బ్రూస్ లోవెర్ అనే మరో శిష్యుడు అదే చిక్కును తీసుకుని ఒక సాహసం చేశాడు. మాట సాగుతున్నకొద్దీ, ఆ క్షణానికి ముందున్న దారికి దగ్గర్లో ఉన్న దారులను మాత్రం పట్టుకుని, బాగా వెనకబడ్డవాటిని అక్కడికక్కడే వదిలెయ్యడం. దీనికి బీమ్ సెర్చ్ అని పేరు. వ్యవస్థ పేరు హార్పీ.

వదిలేసిన దారిలోనే అసలు జవాబు ఉంటే? ఉండొచ్చు. డ్రాగన్ ఇచ్చిన పూచీని హార్పీ ఇవ్వదు. ఇంజనీరింగులో ధైర్యం అంటే ఇదేనని నేననుకుంటాను. మనకు ఆ పూచీ నిజంగా కావాలా అని అడగడం, అక్కర్లేదని తేలితే దాన్ని వదులుకోవడం. హార్పీలో 15,000 మజిలీల చిక్కు ఉంది, పదసంపద 1,011 మాటలు, తప్పులు ఐదు శాతం దగ్గర ఆగాయి. ఒక సెకను మాటకు దానికి కావలసినవి మూడు కోట్ల లోపు ఆదేశాలు. 1976లో పరీక్షకు నిలబడ్డ వ్యవస్థల్లో పెట్టిన గురినంతా అందుకున్నది ఇదొక్కటే. సెకనుకు పది కోట్ల ఆదేశాల మిషను వచ్చేదాకా కాచుకుని కూర్చుంటే ఎన్నేళ్ళు పోయేవో. బీమ్ సెర్చ్ మాత్రం ఆ తర్వాత మాటను గుర్తుపట్టే యంత్రాల్లోనూ, ఒక భాషనుంచి ఇంకో భాషకు అనువదించే యంత్రాల్లోనూ దశాబ్దాల పాటు నిలిచింది.

సరే, పిట్స్‌బర్గ్ నుంచి ఇంటికొద్దాం. తెనాలిలోనో సూర్యాపేటలోనో ఒక మందుల హోల్‌సేల్ కొట్టు ఉందనుకుందాం. రోజుకు 300 బిల్లులు, బిల్లుకు పది మందులు. పదేళ్ళకు సుమారు 90 లక్షల వరసలు పోగుపడతాయి. ఒకరోజు ఫలానా బ్యాచ్ మందు ఎవరెవరికి అమ్మారో చెప్పమని అధికారులు అడిగారు. కంప్యూటరులో బ్యాచ్ నంబరు కొడితే తెర అలా నిలబడిపోయింది. ఎందుకంటే లోపల ప్రోగ్రాము 90 లక్షల వరసలూ మొదటినుంచి చివరిదాకా చదువుతోంది. రెట్టింపు వేగమున్న సర్వరు కొంటే రెట్టింపు వేగంగా 90 లక్షలూ చదువుతుంది. చదవడం మాత్రం తప్పదు.

బ్యాచ్ నంబరు మీద ఇండెక్స్, అంటే ఏ నంబరు ఎక్కడుందో చూపే పట్టిక, వేస్తే ఆ చదువు తప్పుతుంది. బోయింగ్ విమానాల కంపెనీలో పనిచేస్తూ రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ 1970 ప్రాంతంలో కనిపెట్టిన బి-ట్రీ అనే అమరిక ఇప్పటికీ దాదాపు ప్రతి డేటాబేసులో ఇండెక్స్‌కు ఆధారం. ఒక్కో మజిలీ దగ్గర నూరు కొమ్మలున్నాయనుకుంటే, మూడు మజిలీల్లో పది లక్షల వరసలను, నాలుగు మజిలీల్లో పది కోట్ల వరసలను చేరుకోవచ్చు. అంటే మన కొట్టు 90 లక్షలకు నాలుగు చూపులు. ప్రోగ్రామరు రాయాల్సింది ఒక్క వాక్యం. కొంత డిస్కు జాగా పోతుంది, కొత్త బిల్లు వేసినప్పుడల్లా ఇండెక్స్‌నూ సరిదిద్దాలి కాబట్టి ఆ పని కాస్త పెరుగుతుంది. ఊరికే రాదు. అయినా ఆ ధర సర్వరు ధర పక్కన లెక్కలోకి రాదు.

అదే కొట్టులో నెలాఖరుకు బాకీల రిపోర్టు తీస్తారు. సర్వరు హైదరాబాదులో ఎక్కడో ఉంటుంది. ప్రోగ్రాము ముందు 5,000 బిల్లుల జాబితా తెచ్చుకుని, ఆ తర్వాత ఒక్కో బిల్లుకూ ఖాతాదారు పేరేమిటని విడిగా అడుగుతుంది. ఒక్కసారి అడిగి జవాబు తెచ్చుకోవడానికి సెకనులో యాభయ్యో వంతు చాలు. వినడానికి ఏమీ లేదు. 5,000 సార్లకు 100 సెకన్లు. చింతపండుకోసారి, ఉప్పుకోసారి, ఆవాలకోసారి పిల్లవాణ్ణి కిరాణా కొట్టుకు తరమడం లాంటిదిది. ఇక్కడ సర్వరు మార్చినా ప్రయోజనం లేదు, సమయమంతా రాకపోకల్లో పోతోంది గానీ సర్వరులో కాదు. బిల్లులూ పేర్లూ కలిపి ఒకే క్వెరీలో, అంటే ఒకే ప్రశ్నగా, అడిగితే ఒక్క ప్రయాణంతో సరి.

మరి ఇంత సులువైతే ఆఫీసులు ఈ పని ఎందుకు చెయ్యవు? నాకు తోచిన కారణం చెబుతాను, ఒప్పుకోకపోయినా పర్వాలేదు. కొత్త సర్వరుకు టెండరు పిలవొచ్చు, బిల్లు ఉంటుంది, ఆడిట్‌లో చూపించొచ్చు, పెద్దల చేత రిబ్బను కత్తిరింపించి ఫోటో తీయించుకోవచ్చు. ఒక లూపును, అంటే మళ్ళీ మళ్ళీ తిరిగే ఆదేశాల చుట్టును, తీసేసినందుకు ఎవరూ కొబ్బరికాయ కొట్టరు. పైగా, ప్రోగ్రాము తిరగరాయడం అనగానే అందరికీ భయం. ఆ భయానికి కారణం లేకపోలేదు. నెట్‌స్కేప్ అనే కంపెనీ 1990ల చివర తన బ్రౌజరును మొత్తంగా తిరగరాయడానికి కూర్చుంది. ఐదో వెర్షన్ బజారు మొహం చూడలేదు, ఆరోది 2000 నవంబరులో వచ్చింది. ఆలోపు మైక్రోసాఫ్ట్ బజారును ఊడ్చేసింది.

కానీ నేను చెబుతున్నది మొత్తం పడగొట్టి కట్టడం కాదు. డొనాల్డ్ నూత్ 1971లో చాలా ఫోర్ట్రాన్ ప్రోగ్రాములను పోగేసి, ఏ భాగం ఎంత సమయం తింటున్నదో కొలిచాడు. సాధారణంగా ప్రోగ్రాములో నాలుగు శాతం కూడా లేని భాగమే నడిచే సమయంలో సగానికి పైగా తినేస్తోందని తేలింది. ఆ నాలుగు శాతం ఎక్కడుందో ప్రోగ్రాము రాసినవాడికి కూడా సరిగ్గా తెలియదు. ఊహించి చెబితే తరచూ తప్పే చెబుతాడు. అందుకే కొలిచే సాధనాలున్నాయి, ప్రొఫైలర్ అంటారు. డేటాబేసులకూ ఒక్కో క్వెరీ ఎంతసేపు తిన్నదో చెప్పే ఏర్పాటు ఉంటుంది. జీటీఏ కుర్రవాడు చేసిందీ అదే, ముందు కొలిచాడు.

పద్ధతి మార్చడం చిన్నాచితకా కిటుకు అనుకునేవాళ్ళకు ఒక లెక్క. ఫ్యాక్టరీల ఉత్పత్తి ప్రణాళికలకు లీనియర్ ప్రోగ్రామింగ్ అనే గణితం వాడతారు. 1984లో బెల్ ల్యాబ్స్‌లోనే మన దేశపువాడైన నరేంద్ర కర్మార్కర్ పెద్ద మలుపు తిప్పిన రంగమది. బెర్లిన్‌కు చెందిన గణితవేత్త మార్టిన్ గ్రోట్షెల్ ఒక ప్రణాళికా సమస్యను తీసుకుని చూశాడు. 1988 నాటి కంప్యూటర్ల మీద, నాటి పద్ధతులతో దానికి 82 ఏళ్ళు పట్టేది. 2003కి ఒక్క నిమిషం. మొత్తం 4.3 కోట్ల రెట్ల మెరుగు. అందులో మిషన్ల వాటా సుమారు 1,000 రెట్లు. మిగతా 43,000 రెట్లు పద్ధతులవి.

కొనడమే సరైన సందర్భాలు లేవని కాదు. పాత హార్డ్ డిస్కులో ముల్లు చోటు వెతుక్కోవడానికి ప్రతిసారీ సెకనులో నూరో వంతు పడుతుంది. ఎస్‌ఎస్‌డీకి అందులో నూరో వంతు చాలు. ఇంకా హార్డ్ డిస్కు మీదే నడుస్తున్న ఆఫీసు కంప్యూటరుకు ఎస్‌ఎస్‌డీ వెయ్యమంటే నేను అడ్డురాను. ర్యామ్ చాలక డిస్కు మీద సర్దుకుంటున్న మిషనుకు ర్యామ్ వెయ్యండి. కొద్ది వేల ఖర్చు, గంట పని. ప్రోగ్రామరు జీతం కూడా డబ్బే. నెలకోసారి తీసే రిపోర్టు పది నిమిషాలు తీసుకుంటే తీసుకోనివ్వండి, దాని మీద వారం పని పెట్టించడం దండగ. కౌంటరు దగ్గర రోజుకు వెయ్యిమంది చూసే తెర సంగతి వేరు.

ఏది ఏ రకమో తెలుసుకోవడానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు. డేటాకు ఒక కాపీ తీయించండి. అందులో సగం రికార్డులతో ఒకసారి, పూర్తి రికార్డులతో ఒకసారి అదే పని చేయించి గడియారం చూడండి. సగానికి ఒక నిమిషం, పూర్తికి రెండు నిమిషాలైతే, మందుల కొట్టులోలా ఇండెక్స్ లేకపోవడమో రాకపోకలో కారణం కాదని అడిగి తెలుసుకున్నాక, రెట్టింపు మిషను మీకు నిజంగానే రెట్టింపు పని చేసిపెడుతుంది, బేరం ఆడి కొనుక్కోండి. రెండు బదులు నాలుగు నిమిషాలైందంటే మాత్రం రెట్టింపు వేగంతో మీకు దక్కేది 41 శాతం ఎక్కువ రికార్డులకు చోటు, అంతే. మీ వ్యాపారం ఏటా 20 శాతం పెరుగుతుంటే రెండేళ్ళు తిరక్కుండానే కొత్త మిషను కూడా ఇవాళ్టి పాతదానిలాగే నిలబడిపోతుంది. అలా తేలితే కొటేషన్ పక్కన పెట్టి, ప్రోగ్రామరును కూర్చోబెట్టి, ఆ నాలుగింతలు ఏ లూపులోంచి వస్తున్నాయో కొలిచి చూపించమని అడగండి.